పక్కింటి ధర

2016లో ఇంగ్లండులోని రెడింగులో ఇల్లు కొందామని తిరుగుతున్నప్పుడు, అన్నిటికన్నా వింతగా అనిపించింది ఒకటే. ఏ ఇల్లు ఎంతకు అమ్ముడైందో ఎవరైనా చూడొచ్చు. వీధి పేరు కొడితే చాలు, 1995 నుంచి జరిగిన అమ్మకాలు తేదీలతో సహా వచ్చేస్తాయి. నేను విజయవాడలో పెరిగినవాణ్ణి. అక్కడా అమ్మకం దస్తావేజు నకలు ఎవరైనా తీసుకోవచ్చు, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆ హక్కు ఇచ్చింది. కానీ అందులో రాసిన ధరను నమ్మేదెవరు? ప్రభుత్వం కట్టిన విలువకు రిజిస్ట్రేషన్, మిగతాది చేతికి. "కాగితం రేటు వేరు, బేరం రేటు వేరు" అనేవారు మా నాన్న. ఇక్కడ రెండూ ఒకటేనని సంబరపడ్డాను.

ఇంగ్లండుకైనా ఇది కొత్త అలవాటే. లాండ్ రిజిస్ట్రీ 1862లోనే పుట్టింది గానీ, యజమాని ఒప్పుకుంటే తప్ప బయటివాళ్లు అందులోకి తొంగిచూడటానికి వీల్లేదు. పక్కనున్న స్కాట్లండులో మాత్రం దస్తావేజుల రిజిస్టరు 1617 నుంచీ అందరిదీ. 1931 ఫైనాన్స్ చట్టం వచ్చాక ఇంగ్లండులో అమ్మకాల వివరాలు పన్నుల శాఖకు చేరడం మొదలైంది. అంటే ధర సర్కారుకు తెలుసు, పక్కింటివాడికి తెలీదు. 1988లో చేసిన చట్టం 1990 డిసెంబరు 3న అమల్లోకి వచ్చాకే రిజిస్టరు జనానికి తెరుచుకుంది. అందులో ధర కూడా రాయడం 2000 ఏప్రిల్ నుంచి.

ఇక మా సంగతి. మేం చూసిన ఇంటికి మూడిళ్ల అవతలిది ఆర్నెల్ల క్రితం 2,95,000 పౌండ్లకు పోయింది. ఆ అంకె చూపించే బేరం 2,90,000 దగ్గర మొదలుపెట్టాను. చివరికి 3,10,000కు కుదిరింది. పది శాతం మాది, తక్కిన 2,79,000 బ్యాంకు అప్పు.

బ్యాంకు పంపిన వాల్యూయరు ఇరవై నిమిషాలు చూసి 3,00,000 అని రాశాడు. బేరం ధర, వాల్యూయరు ధర, రెండిట్లో ఏది తక్కువైతే దానిమీదే బ్యాంకు అప్పిస్తుంది. 2,79,000 కాస్తా 2,70,000 అయింది. తొమ్మిది వేలు ఎక్కణ్ణుంచి తేవాలి? కారణం అడిగితే అదే 2,95,000 ఇల్లు చూపించారు. అమ్మేవాళ్ల మీదికి నేను విసిరిన రాయి తిరిగి నాకే తగిలింది.

ఆ ఇంటి కథ పక్కింటి ముసలావిడ చెప్పింది. ఒంటరిగా ఉన్న పెద్దాయన పోతే పిల్లలు తొందరపడి అమ్మేశారట. వంటగది నలభై ఏళ్లనాటిది, హీటింగు సరిగ్గా లేదు. రికార్డులో ఇవేవీ ఉండవు. ధర, తేదీ, చిరునామా, ఇంటి రకం, కొత్తదా పాతదా, ఫ్రీహోల్డా లీజా, అంతే.

ఆ ధరైనా అన్నిసార్లూ నిఖార్సయింది కాదు. 2014 డిసెంబరు దాకా స్టాంపు డ్యూటీ 2,50,000 వరకు ఒక శాతం. దాటితే మొత్తం ధర మీద మూడు శాతం. అంటే 2,50,000కు కట్టాల్సింది 2,500 పౌండ్లయితే, గీత దాటగానే 7,500. అందుకే ధరలు ఆ గీత కిందే గుమిగూడేవి. కర్టెన్లకూ తివాచీలకూ విడిగా డబ్బిచ్చినట్టు రాసుకునేవాళ్లూ ఉండేవారు. ఇది చదివి నాన్న మాట తలుచుకుని నవ్వుకున్నాను. మా ఊళ్లో అబద్ధం లక్షల్లో ఉంటే ఇక్కడ తివాచీల్లో ఉంది.

అయినా తలుపులు మూసేయమని అనలేను. ఆ అంకే లేకపోతే ఏజెంటు చెప్పిందే వేదం. ధర తెలియడం మంచిదే. ధర ఒక్కటే తెలియడంతోనే చిక్కు.

అమ్మేవాళ్లు ఐదు వేలు తగ్గించారు. మిగతా నాలుగు వేలు మా బావమరిది సర్దాడు. 3,05,000కు ఇల్లు మాదైంది. ఆ అంకె కూడా రికార్డులోకెక్కింది.

మరుసటి ఏడాది ఎదురింటాయన ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఓ సాయంత్రం వచ్చి, "చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ మీ ధరే చూపిస్తున్నారు" అన్నాడు, కాస్త నిష్ఠూరంగానే. మాకెందుకు తగ్గిందో మొత్తం చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"సరే, ఇదంతా వాల్యూయరుకు ఎవరు చెప్తారు?" అన్నాడు.