మైనపు స్టెన్సిల్ నుండి డిస్కు ఇమేజ్ దాకా

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఒకటి రాయమన్నారు. మన కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చిన రోజుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన కాలంలో ఎక్కువ నకళ్ళు కావాలంటే స్టెన్సిలే దిక్కు. మైనపు కాగితంపై టైపు చేసి సైక్లోస్టైల్ యంత్రానికి తొడిగి తిప్పితే ప్రతులు వచ్చేవి. స్టెన్సిల్‌లో ఒక్క అంకె తప్పినా అన్ని ప్రతుల్లోనూ తప్పే. అందుకే ఒకరు చదువుతుంటే మరొకరు అసలుతో పోల్చుకొన్న తర్వాతే యంత్రం తిప్పేవాళ్ళం.

1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 214 సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో 'కార్డ్' పథకం మొదలైంది. ఆ రోజుల్లోనే ఇతర శాఖల బల్లల మీదికీ కంప్యూటర్లు చేరసాగాయి. కంప్యూటరు పనిచేయాలంటే ముందు అందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి. ఫ్లాపీల మీద వచ్చిన విండోస్ 95కు 13 ఫ్లాపీలు! ఒక్కొక్కటి పెడుతూ తీస్తూ ప్రతి కంప్యూటరు ముందూ కూర్చోవలసిందే.

ఈ శ్రమ తగ్గించడానికి న్యూజిలాండ్‌కు చెందిన ముర్రే హజార్డ్ 1995లో 'ఘోస్ట్' అనే ప్రోగ్రాము తెచ్చారు. 1998లో దానిని సిమాంటెక్ సంస్థ కొన్నది. ఒక కంప్యూటరును సిద్ధం చేసి, దాని డిస్కులోని సమస్తాన్నీ ఒకే ఫైలుగా తీస్తారు. అదే ఇమేజ్, అంటే మన స్టెన్సిల్. దానిని తీగల ద్వారా మిగతా కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి పంపవచ్చు. 1999లో ఇంటెల్ ప్రకటించిన పి.ఎక్స్.ఇ. 2.1 ప్రమాణంతో ఖాళీ డిస్కున్న కంప్యూటరు కూడా స్విచ్ వేయగానే నెట్‌వర్క్‌లోని సర్వరును చిరునామా అడిగి, మొదలుపెట్టే ప్రోగ్రామును తానే తెచ్చుకోగలిగింది.

2003లో నేను మంచిర్యాలలో సీనియర్ అసిస్టెంటును. మా ఆఫీసులో ఎనిమిది కంప్యూటర్లు. ఒక కుర్రవాడు వచ్చి, ఒకదానిని సిద్ధం చేసి, "సార్, మిగతావాటిలో దాచుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు. పని తొందరలో "ఏమీ లేవు, కానివ్వు బాబూ" అన్నాను. మరునాడు ఎనిమిదింటిలోనూ ఒకే తెర చూసి మురిసిపోయాం. మధ్యాహ్నానికి గుర్తొచ్చింది: నెలాఖరుకు రిటైరయ్యే మా అటెండరు పెన్షన్ ప్రతిపాదనలు నా కంప్యూటరులోనే ఉన్నాయి. ఇమేజ్ కింద ఏమున్నదో చూడదు. ఉన్నదంతా తుడిచి తాను కూర్చుంటుంది.

ఆయన నన్నొక్క మాట అనలేదు. రెండు సాయంత్రాలు పక్కన కూర్చొని సర్వీసు రిజిష్టరు చదువుతుంటే నేను మళ్ళీ టైపు చేశాను. అయినా కాగితాలు ఆలస్యంగా వెళ్ళాయి. మొదటి పెన్షన్ నెల తర్వాత వచ్చింది. ఆ నెల ఇంట్లోకి సరుకులన్నీ ఉద్దెర తెచ్చుకొన్నాడని తర్వాత తెలిసి, చాలా రోజులు ఆయన ముఖం చూడలేకపోయాను. తప్పు యంత్రానిది కాదు, అడిగినా చూడని నాది.

2016 అక్టోబరు 11న మన మంచిర్యాల జిల్లా అయింది. కాగితాలు చాలా వరకు కంప్యూటర్లలోకి వెళ్ళాయి. కాబట్టి మిత్రులారా, మీ పి.పి.ఓ., సర్వీసు రిజిష్టరు జిరాక్సు ప్రతులు ఇంట్లో భద్రపరచుకోండి. అవి ఎక్కడున్నదీ ఇంట్లోవాళ్ళకు ఈ రోజే చెప్పండి. సెలవు.