కొమోడో జాతీయ ఉద్యానవనం

కొమోడో జాతీయ ఉద్యానవనం ఇండోనేషియా దేశంలోని ఒక ద్వీప ఉద్యానవనం. ప్రపంచంలోని బల్లి జాతులన్నింటిలోకీ పెద్దదైన కొమోడో డ్రాగన్ సహజ పరిస్థితులలో జీవించే కొద్ది ప్రదేశాలలో ఇది ముఖ్యమైనది. ఈ జంతువును కాపాడే ఉద్దేశంతో 1980 మార్చి 6న ఉద్యానవనాన్ని ఏర్పాటు చేశారు. తరువాతి కాలంలో ఇక్కడి ఇతర జీవజాతులకు, ముఖ్యంగా సముద్ర జీవులకు కూడా రక్షణను విస్తరించారు. యునెస్కో ఈ ప్రాంతాన్ని 1977లో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించి, 1991లో ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది.

భౌగోళిక స్వరూపం

ఈ ఉద్యానవనం లఘు సుందా దీవులలో, పశ్చిమాన సుంబావా, తూర్పున ఫ్లోరెస్ దీవుల మధ్య ఉంది. కొమోడో, రించా, పాదర్ అనేవి ఇందులోని మూడు పెద్ద దీవులు. వీటితో పాటు అనేక చిన్న దీవులు ఉన్నాయి. మొత్తం వైశాల్యం సుమారు 1,733 చదరపు కిలోమీటర్లు. అందులో నేల దాదాపు 603 చదరపు కిలోమీటర్లు మాత్రమే, మిగిలినదంతా సముద్రం. పరిపాలనాపరంగా ఇది తూర్పు నుసా తెంగారా రాష్ట్రానికి చెందుతుంది.

ఈ దీవులు అగ్నిపర్వతాల వల్ల ఏర్పడినవి. కొండలు నిటారుగా, రాళ్ళతో నిండి ఉంటాయి. పసిఫిక్ మహాసముద్రపు నీరు హిందూ మహాసముద్రంలోకి ప్రవహించే మార్గాలలో ఈ దీవుల మధ్యనున్న ఇరుకైన జలసంధులు కూడా ఉన్నాయి. అందువల్ల ఇక్కడి నీటి ప్రవాహాలు చాలా ఉద్ధృతంగా ఉంటాయి.

వాతావరణం, వృక్షజాలం

ఉష్ణమండల దీవులనగానే దట్టమైన వర్షారణ్యాలు గుర్తుకు వస్తాయి. కొమోడో ఇందుకు భిన్నమైనది. ఇండోనేషియాలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో ఇది ఒకటి. ఇక్కడ ఏడాదికి 800 నుండి 1,000 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురుస్తుంది. మే నుండి అక్టోబరు వరకు ఎండాకాలం. ఆ నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ వరకు చేరుతుంది.

నేలలో ఎక్కువ భాగం గడ్డిమైదానం. వర్షాలు కురిసిన కొద్ది నెలలు పచ్చగా ఉండి, తరువాత గడ్డి ఎండి బంగారు రంగుకు మారుతుంది. ఈ మైదానాల మధ్య అక్కడక్కడ తాటిచెట్లు కనిపిస్తాయి. ఇవి తెలుగునాట పెరిగే తాటి జాతికి చెందినవే. స్థానికులు వీటిని లొంతార్ అంటారు. లోయలలో చింత, రేగు మొదలైన చెట్లున్న అడవులు, ఎత్తైన కొండలపై మంచు కమ్మే చిన్న అడవులు, తీరం వెంట మడ అడవులు ఉన్నాయి.

చరిత్ర

ఈ దీవులలో "నేల మొసలి" ఒకటి తిరుగుతున్నదని స్థానికులు చెప్పుకునే మాటలు 1910లో డచ్చి వలస ప్రభుత్వాధికారుల దృష్టికి వచ్చాయి. ఫ్లోరెస్‌లో పనిచేస్తున్న లెఫ్టినెంట్ వాన్ స్టెయిన్ వాన్ హెన్స్‌బ్రూక్ ఆ జంతువు చర్మాన్ని, ఛాయాచిత్రాన్ని జావాలోని బోగోర్ జంతుశాస్త్ర ప్రదర్శనశాలకు పంపించాడు. వాటిని పరిశీలించిన పీటర్ ఔవెన్స్ అది మొసలి కాదనీ, ఉడుము జాతి అనీ నిర్ధారించి 1912లో మొదటి శాస్త్రీయ వర్ణన ప్రచురించాడు. 1915లో డచ్చి ప్రభుత్వం దీనికి రక్షణ కల్పించింది.

1926లో అమెరికాకు చెందిన డగ్లస్ బర్డెన్ ఇక్కడికి యాత్ర జరిపి, ప్రాణంతో ఉన్న రెండు జంతువులను తన దేశానికి తీసుకువెళ్ళాడు. 1933లో వచ్చిన "కింగ్ కాంగ్" చలనచిత్ర కథకు ఈ యాత్రే స్ఫూర్తి అని చెబుతారు. 1969లో వాల్టర్ ఔఫెన్‌బర్గ్ కుటుంబంతో సహా వచ్చి కొమోడో దీవిలో నెలల తరబడి నివసించి, ఈ జంతువు జీవన విధానాన్ని అధ్యయనం చేశాడు. 1981లో ప్రచురితమైన ఆయన గ్రంథం తరువాతి పరిశోధనలన్నింటికీ ఆధారమైంది.

కొమోడో డ్రాగన్

పేరులో డ్రాగన్ అని ఉన్నా, ఇది మన పొలాలలో, చిట్టడవులలో కనిపించే ఉడుముకు దగ్గరి బంధువు. రెండూ "వరానస్" అనే ఒకే ప్రజాతికి చెందినవి. కొమోడో వాసులు దీనిని "ఓరా" అంటారు. పెద్ద మగ జంతువు మూడు మీటర్ల వరకు పొడవు పెరుగుతుంది. బరువు సాధారణంగా 70 కిలోల పైన ఉంటుంది. చీలిన నాలుకతో గాలిలోని వాసనలను గ్రహించి, కొన్ని కిలోమీటర్ల దూరంలోని కళేబరాన్ని సైతం పసిగట్టగలదు.

దీని ప్రధాన ఆహారం తిమోర్ జింక. అడవి పందులను, నీటి గేదెలను కూడా వేటాడుతుంది. చచ్చిన జంతువులను తింటుంది. ఒకేసారి తన బరువులో 80 శాతం వరకు ఆహారాన్ని తినగలదు. దీని నోటిలోని సూక్ష్మజీవుల వల్లనే కాటుకు గురైన జంతువు చనిపోతుందని చాలాకాలం భావించారు. అయితే దీని కింది దవడలో విషగ్రంథులు ఉన్నాయనీ, ఆ విషం రక్తం గడ్డకట్టకుండా చేసి రక్తపోటును తగ్గిస్తుందనీ 2009లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. పళ్ళ అంచులకు ఇనుముతో కూడిన గట్టి పూత ఉందని 2024లో వెల్లడైంది.

మే నుండి ఆగస్టు వరకు ఇవి జతకడతాయి. ఆడది సెప్టెంబరు ప్రాంతంలో సుమారు 20 గుడ్లు పెడుతుంది. ఇందుకు తరచుగా మెగాపోడ్ అనే పక్షి పేర్చిన మట్టిదిబ్బలను వాడుకుంటుంది. గుడ్లు పొదగడానికి ఏడెనిమిది నెలలు పడుతుంది. పెద్ద జంతువులు పిల్లలను సైతం తినివేస్తాయి కనుక పిల్లలు మొదటి కొన్నేళ్ళు చెట్లపైనే గడుపుతాయి. మగదానితో కలవకుండానే ఆడది గుడ్లు పెట్టి పిల్లలను కనగలదని 2006లో ఇంగ్లండులోని జంతు ప్రదర్శనశాలల్లో రుజువైంది.

ప్రస్తుతం కొమోడో, రించా, గిలి మోటాంగ్, నుసా కోడె దీవులలోను, ఉద్యానవనం వెలుపల ఫ్లోరెస్ తీరంలో కొన్నిచోట్ల ఇవి జీవిస్తున్నాయి. ఉద్యానవనంలో వీటి సంఖ్య సుమారు 3,000. పాదర్ దీవిలో దొంగవేటగాళ్ళు జింకలను చంపడం వల్ల ఆహారం కరువై, 1970లలో ఇవి కనుమరుగయ్యాయి. ఈ జంతువును తాకకుండానే, కేవలం దాని ఆహారాన్ని హరించి ఒక దీవి నుండి తుడిచివేయవచ్చునని పాదర్ అనుభవం తెలుపుతున్నది. అందుకే జింకల రక్షణ ఉద్యానవన సిబ్బంది ప్రధాన కర్తవ్యాలలో ఒకటి.

ఇతర జంతుజాలం

ఆసియా జీవజాలాన్ని ఆస్ట్రేలియా జీవజాలం నుండి వేరుచేసే "వాలెస్ రేఖ"కు తూర్పున, ఆ రెండూ కలిసే ప్రాంతంలో ఈ దీవులు ఉన్నాయి. అందువల్ల ఆసియాకు చెందిన జింక, కోతి, అడవి పంది, పునుగుపిల్లి ఒకవైపు, ఆస్ట్రేలియా వైపు బంధుత్వం గల కాకతువ్వ, మెగాపోడ్ మరొకవైపు ఒకే అడవిలో కనిపిస్తాయి. పంజరపు పక్షుల వ్యాపారం వల్ల అంతరించే దశకు చేరిన పసుపు జుట్టు కాకతువ్వకు కొమోడో దీవి మిగిలిన కొద్ది ఆశ్రయాలలో ఒకటి. విషం చిమ్మే నాగుపాము, రక్తపింజర వంటి పాములు కూడా ఉన్నాయి.

సముద్ర జీవులు

ఉద్ధృతమైన ప్రవాహాలు లోతుల నుండి పోషకాలను పైకి తేవడం వల్ల ఇక్కడి సముద్రం జీవసంపదతో నిండి ఉంది. వెయ్యికి పైగా చేప జాతులు, సుమారు 260 పగడపు జాతులు నమోదయ్యాయి. మాంటా టేకుచేపలు, డాల్ఫిన్లు, తిమింగలాలు, డ్యుగాంగ్, సముద్ర తాబేళ్ళు చెప్పుకోదగినవి. గతంలో పేలుడు పదార్థాలతో చేపలు పట్టడం వల్ల పగడపు దిబ్బలు చాలాచోట్ల ధ్వంసమయ్యాయి.

ప్రజలు

ఉద్యానవనం ఏర్పడక ముందునుండే ఈ దీవులలో గ్రామాలున్నాయి. కొమోడో, రించా, పాపగరాంగ్ గ్రామాలలో కొన్ని వేలమంది నివసిస్తున్నారు. కొమోడో మూలవాసులను "అతా మోదో" అంటారు. పూర్వం ఒక నాగ రాకుమారికి కవలలు పుట్టారనీ, వారిలో ఒకరు మనిషి, మరొకరు ఓరా అనీ వారి పురాగాథ. ఆ నమ్మకం వల్ల వారు ఓరాను తోబుట్టువుగా భావిస్తారు.

ఉద్యానవన నియమాల వల్ల వేట, అడవిలో సేకరణ ఆగిపోయాయి. ప్రజలు చేపల వేటకు, తరువాత క్రమంగా చెక్కబొమ్మలు చెక్కి అమ్మడానికి, పర్యాటకుల మార్గదర్శకులుగా పనిచేయడానికి మళ్ళారు. అరుదుగానైనా ప్రమాదాలు జరుగుతున్నాయి. 2007లో కొమోడో దీవిలో ఎనిమిదేళ్ళ బాలుడు ఓరా దాడిలో మరణించాడు.

సందర్శన

ఫ్లోరెస్ పశ్చిమ కొసనున్న లబువాన్ బాజో పట్టణం ఉద్యానవనానికి ముఖద్వారం. బాలి, జకార్తాల నుండి ఇక్కడికి విమానాలున్నాయి. అక్కడి నుండి పడవలపై దీవులకు వెళ్ళాలి. కొమోడో దీవిలో లోహ్ లియాంగ్, రించా దీవిలో లోహ్ బువాయా ప్రవేశ స్థానాలు. ఇండోనేషియా భాషలో బువాయా అంటే మొసలి.

దీవులలో ఒంటరిగా తిరగడానికి అనుమతి లేదు. చివర చీలిన పొడవాటి కర్ర పట్టుకుని మార్గదర్శకుడు ముందు నడుస్తాడు. ఓరా దగ్గరకు వస్తే ఆ కర్రతో అడ్డుకుంటాడు. గుంపు నుండి విడిపోరాదు, పరుగెత్తరాదు, ఆహారం వేయరాదు. రక్తపు వాసనను ఓరా పసిగట్టగలదు కనుక గాయాలున్నవారు, బహిష్టులో ఉన్న స్త్రీలు ముందుగా మార్గదర్శకునికి తెలియజేయాలి. ఒకప్పుడు పర్యాటకుల వినోదం కోసం మేకలను ఎరగా వేసేవారు. దానివల్ల జంతువులు వేట మాని మనుషుల చుట్టూ చేరడంతో 1990లలో ఆ పద్ధతిని మానివేశారు.

ఏప్రిల్ నుండి నవంబరు వరకు సందర్శనకు అనుకూలం. జనవరి, ఫిబ్రవరి నెలలలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. జతకట్టే కాలమైన జూలై, ఆగస్టులలో ఓరాలు లోపలి అడవులలోకి వెళ్ళడం వల్ల తక్కువగా కనిపించవచ్చు. ఉదయపు వేళ ఇవి ఎండ కాచుకుంటూ ఉంటాయి కనుక అప్పుడు వెళ్ళడం మంచిది. పాదర్ కొండ శిఖరం నుండి కనిపించే మూడు సముద్ర తీరాలు, ఎర్రటి సూక్ష్మజీవుల పెంకులు కలవడం వల్ల గులాబి రంగు ఇసుకతో కనిపించే తీరం, సాయంకాలం వేలాది గబ్బిలాలు ఎగిరే కలోంగ్ దీవి ఇతర ఆకర్షణలు. ప్రవాహాల ఉద్ధృతి వల్ల నీటి అడుగున ఈత అనుభవజ్ఞులకే తగినది.

సమస్యలు, వివాదాలు

పర్యాటకుల సంఖ్య పెరిగేకొద్దీ జంతువు, గ్రామస్థులు, ప్రభుత్వాదాయం అనే మూడింటి అవసరాల నడుమ ఘర్షణ ఏర్పడింది. కొమోడో దీవిని 2020లో ఏడాదిపాటు మూసివేసి, గ్రామస్థులను తరలించాలని 2019లో రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించింది. గ్రామస్థులు వ్యతిరేకించారు. కేంద్ర ప్రభుత్వం ఆ ప్రతిపాదనను రద్దు చేసింది. 2020 అక్టోబరులో రించా దీవిలోని నిర్మాణ స్థలంలో లారీకి ఎదురుగా నిలిచిన ఓరా ఛాయాచిత్రం ప్రపంచమంతటా చర్చకు దారితీసింది. ప్రభావ అంచనాను సమీక్షించేవరకు పర్యాటక నిర్మాణాలను ఆపాలని 2021లో ప్రపంచ వారసత్వ సంఘం కోరింది.

2022లో విదేశీయుల ప్రవేశ రుసుమును 1,50,000 రూపయ్యాల నుండి 37,50,000 రూపయ్యాలకు, అనగా ఇరవై అయిదు రెట్లకు పెంచాలని ప్రతిపాదించారు. జీవనోపాధి పోతుందని లబువాన్ బాజోలోని పర్యాటక కార్మికులు సమ్మె చేశారు. పెంపు మొదట వాయిదా పడి, ఆ సంవత్సరాంతంలో రద్దయింది.

2021లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం కొమోడో డ్రాగన్‌ను మరింత ప్రమాదకరమైన స్థాయికి మార్చి, అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. వాతావరణ మార్పు వల్ల ఉష్ణోగ్రతలు, సముద్ర మట్టం పెరిగి, రాబోయే 45 ఏళ్ళలో దీని ఆవాసం కనీసం 30 శాతం తగ్గవచ్చునని అంచనా. ఓరాలు ఎక్కువగా తీరం దగ్గరి లోయలలోనే నివసిస్తాయి. సముద్రం పైకి వస్తే అవి వెళ్ళగలిగే మరో చోటు ఈ చిన్న దీవులలో అంతగా లేదు.

ఇవి కూడా చూడండి

ఉడుము
ఇండోనేషియా
వాలెస్ రేఖ
ప్రపంచ వారసత్వ ప్రదేశం