ఆపరేషన్‌కు బీమా డబ్బు వచ్చింది.. కృత్రిమ కాలికి ఎందుకు రాదు?

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలం శ్రీముఖలింగంలో ఉండే ఒక రైతుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఆరోగ్య బీమా తీసుకున్నాడనుకుందాం. షుగర్ వల్ల పాదానికి పుండు పట్టింది, మోకాలి కింద వరకు కాలు తీసేయాల్సి వచ్చింది. ఆసుపత్రి బిల్లు బీమా కంపెనీ కట్టింది. మూడు నెలలకు కృత్రిమ కాలు పెట్టించి ఆ బిల్లు పంపితే ‘పాలసీలో కవర్ కాదు’ అని మెసేజ్ వచ్చింది. కాలు తీయడానికి డబ్బులిచ్చిన కంపెనీ, మళ్లీ నడవడానికి ఎందుకివ్వదు?

లోపల పెట్టేది, బయట తగిలించేది

చాలా పాలసీలు ఇక్కడే గీత గీస్తాయి. ఆపరేషన్‌లో భాగంగా శరీరం లోపల అమర్చే రాడ్డు, ప్లేటు, మోకీలు, గుండెలో స్టెంటు ‘ఇంప్లాంట్’ కిందకు వస్తాయి. వాటికి డబ్బు వస్తుంది. ఆపరేషన్ అవసరం లేకుండా తీసి పెట్టుకోగలిగే పరికరాలను మాత్రం మినహాయింపుల జాబితాలో పెడతారు. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, కృత్రిమ కాలు చాలా పాలసీల్లో ఒకే వరుసలో కనిపిస్తాయి. కళ్లద్దాలనూ కాలినీ ఒకే గాటన కట్టడం ఎంతవరకు సబబో కంపెనీలే చెప్పాలి.

రెండో అడ్డంకి గడువు. డిశ్చార్జి తర్వాతి ఖర్చులను పాలసీలు కొన్ని రోజుల వరకే ఇస్తాయి. అందరికీ ఒకేలా ఉండే ‘ఆరోగ్య సంజీవని’ పాలసీలో అది 60 రోజులు. కాలు తీసిన చోట గాయం మాని, వాపు తగ్గి, కొలతలు తీసుకుని శాశ్వత కాలు అమర్చేసరికి తరచూ నెలలు పడుతుంది. అప్పటికి ఆ గడువు దాటిపోతుంది.

తిరస్కరిస్తే ఊరుకోవాలా?

అక్కర్లేదు. ముందు తిరస్కరణ లేఖ చూడండి. పాలసీలోని ఏ నిబంధన ప్రకారం కాదన్నారో అందులో ఉండాలి. ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్‌ను తోసిపుచ్చకూడదు. వాట్సాప్‌లో వచ్చిన ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకుండా, నిబంధన నంబరుతో సహా రాతపూర్వకంగా అడగండి.

ఆ నిబంధన మీ పాలసీలో నిజంగా ఉందా? బీమా సంస్థలు చెల్లించనవసరం లేని వస్తువుల జాబితాలో ‘వాకింగ్ ఎయిడ్స్’ ఉన్నాయి. కృత్రిమ కాలిని కూడా ఆ ఖాతాలో వేసి కాదంటే మాత్రం ప్రశ్నించాలి. చేత్తో పట్టుకునే ఊతకర్ర వేరు, పోయిన అవయవం స్థానంలో డాక్టర్ రాసిచ్చే కాలు వేరు. పాలసీ భాష రెండు అర్థాలకు తావిస్తే పాలసీదారుకు అనుకూలంగా చదవాలన్నది కోర్టులు పదే పదే చెప్పిన సూత్రం. కానీ ‘ఆర్టిఫిషియల్ లింబ్స్’ అని మినహాయింపుల్లో స్పష్టంగా రాసి ఉంటే గెలవడం కష్టం. ఆ సంగతి ముందే తెలిసి అడుగేయడం మంచిది.

మొదట కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయాలి. ‘బీమా భరోసా’ పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కంపెనీ నెలలోగా బదులివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదులను హైదరాబాద్ కార్యాలయం చూస్తుంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, రూ.50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. ఏడాదిలోపు వెళ్లాలి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఇవ్వవచ్చు, విచారణకు వీడియో కాల్ సదుపాయమూ ఉంది కాబట్టి శ్రీముఖలింగం నుంచి రైలెక్కాల్సిన పని లేదు. కాదంటే శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడ గడువు రెండేళ్లు.

రోడ్డు ప్రమాదంలో పోతే లెక్క వేరు

నరసన్నపేట దగ్గర జాతీయ రహదారిపై లారీ గుద్ది కాలు పోయిందనుకోండి. అప్పుడు సొంత ఆరోగ్య బీమా కన్నా లారీ బీమా ముఖ్యం. మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో వేసే కేసులో కృత్రిమ కాలి ఖర్చునూ అడగవచ్చు, ఒక్కసారికే కాదు. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీకి సంబంధించిన కేసులో 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని పట్టించుకుంది. రూ.2.60 లక్షల కాలు ఐదారేళ్లే పని చేస్తుందని, మరమ్మతులకూ ఖర్చవుతుందని గుర్తించి పరిహారం పెంచింది. అందుకే మొదటి కాలి బిల్లు, మరమ్మతుల రసీదులు పారేయకండి.

బ్యాంకు ఖాతా నుంచి ఏటా రూ.20 కోతపడే ‘ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన’ను చాలామంది మరచిపోతారు. ప్రమాదంలో ఒక కాలు లేదా చేయి శాశ్వతంగా పనికిరాకుండా పోతే రూ.లక్ష, రెండూ పోతే రూ.2 లక్షలు వస్తుంది. ఇది ప్రమాదానికే. షుగర్ వల్ల తీసిన కాలికి వర్తించదు.

బీమా రాకపోతే?

పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ ఈఎస్ఐ పరిధిలో ఉన్న కార్మికులకు కృత్రిమ అవయవాలు ఆ పథకం కిందే అందుతాయి. మిగతావారికి కేంద్రం అమలు చేసే అడిప్ పథకం ఉంది. 40 శాతం వైకల్యం, నెలకు రూ.22,500 లోపు ఆదాయం ఉంటే పరికరం ఉచితం, రూ.30,000 వరకు సగం ధరకు ఇస్తారు. దానికి వైకల్య ధ్రువపత్రం ముందే ఉండాలి. 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయత సమితి జైపూర్ కాలును ఇప్పటికీ ఉచితంగానే అమరుస్తోంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. కాలు తీసే ఆపరేషన్ ఆ పథకం కింద జరిగితే, డిశ్చార్జి కాకముందే ఆరోగ్యమిత్రను కృత్రిమ కాలి సంగతి అడగండి.

కొత్తగా పాలసీ తీసుకునేవారు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌లో మినహాయింపుల పేజీ చదవండి. కొన్ని పాలసీలు, ముఖ్యంగా వ్యక్తిగత ప్రమాద బీమాలు, కృత్రిమ అవయవాలకు పరిమితి మేరకు డబ్బు ఇస్తాయి. అది లేదని తేలితే పాలసీ అందిన 30 రోజుల్లోపు తిప్పి పంపవచ్చు.