దేశం చేజారినా చుక్కాని వదల్లేదు

1942 ఏప్రిల్ 6. జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన రోజు. ఆ దాడి సంగతులు మన కోస్తాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే రోజు బంగాళాఖాతంలో ఇంకాస్త ఉత్తరాన జరిగిన దాని గురించి మాత్రం పెద్దగా ఎవరికీ తెలియదు. ఒడిశా తీరానికి దూరంగా వెళ్తున్న సరుకు ఓడల్ని జపాన్ యుద్ధనౌకలు వెంటాడి ఒక్కొక్కటిగా ముంచేశాయి. ఆ రోజు మునిగిన వాటిలో డాగ్‌ఫ్రెడ్, హెర్మోడ్, ఎల్సా అనే మూడు నార్వే ఓడలున్నాయి.

నార్వే జర్మనీ వశమై అప్పటికి రెండేళ్లు కావస్తోంది. దేశమే శత్రువు గుప్పిట్లో ఉంటే ఆ దేశపు ఓడలు మన సముద్రంలో ఎవరి కోసం తిరుగుతున్నట్టు?

రేడియో ఆజ్ఞను ధిక్కరించి

1940 ఏప్రిల్ 9న జర్మన్ సేనలు నార్వేలో దిగాయి. ఆ దేశ జనాభా అప్పట్లో సుమారు 30 లక్షలే అయినా, వాణిజ్య నౌకల్లో ప్రపంచంలో నాలుగో స్థానం దానిది. వెయ్యికి పైగా ఓడలు ఆ సమయంలో పరాయి రేవుల్లోనో, నడిసముద్రంలోనో ఉన్నాయి. జర్మన్ల అదుపులోకి వెళ్లిన ఓస్లో రేడియో నుంచి కెప్టెన్లకు ఆదేశాలు మొదలయ్యాయి: స్వదేశానికి రండి, లేదంటే జర్మనీ, ఇటలీ, స్పెయిన్, తటస్థ దేశాల రేవులకు వెళ్లండి. మరోవైపు లండన్ నుంచి మిత్రదేశాల రేవులకు రమ్మని పిలుపు వచ్చింది.

పెళ్లాం పిల్లలు, అమ్మానాన్నలు శత్రువు పాలన కింద ఉన్నారని తెలిసీ ఆ నావికులు ఓస్లో మాట వినలేదు. ఓడల్ని మిత్రదేశాల వైపు తిప్పారు. ఆ నిర్ణయంతో చాలామంది ఐదేళ్లపాటు ఇంటి ముఖం చూడలేదు.

ఊరూరా తలదాచుకుంటూ జర్మన్లకు చిక్కకుండా తిరుగుతున్న నార్వే ప్రభుత్వం ఏప్రిల్ 22న ఓడలన్నిటినీ స్వాధీనం చేసుకుంటూ ఉత్తర్వు జారీ చేసింది. వాటిని నడపడానికి లండన్‌లో నోర్ట్రాషిప్ అనే సంస్థ పుట్టింది. కొద్దికాలానికే న్యూయార్క్‌లోనూ కార్యాలయం తెరిచింది. వెయ్యికి పైగా ఓడలు, సుమారు 30 వేలమంది నావికులతో అది రాత్రికి రాత్రే ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకా సంస్థ అయింది. ప్రవాసంలో ఉన్న నార్వే ప్రభుత్వం ఆ ఓడల సంపాదన మీదే ప్రధానంగా నిలబడింది.

యుద్ధంలో సముద్రం మీద దెబ్బ తినడం నార్వే నావికులకు కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నార్వే తటస్థ దేశం. అయినా బ్రిటన్‌తో వ్యాపారం ఆపలేదన్న కోపంతో జర్మన్ జలాంతర్గాములు దాని ఓడల్ని వదల్లేదు. సుమారు రెండు వేలమంది నావికులు చనిపోయారు. వాళ్ల స్మృతికి 1926లో స్తావెర్న్ పట్టణంలో సముద్రపు ఒడ్డున పిరమిడ్ ఆకారంలో స్మారక మందిరం కట్టారు. పద్నాలుగేళ్లు తిరక్కుండానే నార్వే మళ్లీ యుద్ధంలో పడింది.

పెట్రోలు మీద పడక

ప్రపంచంలోని చమురు ట్యాంకర్లలో ఐదో వంతుకు దగ్గరగా నార్వేవే. పైగా అవి కొత్తవి, వేగంగా నడిచేవి. బ్రిటన్ గడ్డమీద చమురు దాదాపు లేదు. అక్కడి యుద్ధ విమానం గాల్లోకి లేవాలంటే ఎవరో ఒకరు అట్లాంటిక్ దాటించి పెట్రోలు తేవాలి. ఆ పనిలో పెద్ద వాటా నార్వే నావికులు మోశారు.

పెట్రోలు నింపిన ట్యాంకర్‌కు టార్పెడో తగిలితే ఓడతో పాటు చుట్టూ నీళ్లు కూడా మండుతాయి. ఇనుప ఖనిజం ఓడైతే ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు పోతుంది. పేలుడు ధాటికి గది తలుపు బిగుసుకుపోతే బయటపడే దారి ఉండదు కాబట్టి తలుపు ఓరగా తెరిచి కొక్కెం పెట్టేవారు. ఒంటి మీద బట్టలతోనే, లైఫ్ జాకెట్ చేతికందేలా పెట్టుకుని పడుకునేవారు. అందరికన్నా కష్టం ఇంజన్ గదిలో పనిచేసేవాళ్లది. నీటి మట్టానికి దిగువన, ఏ గోడ ఎప్పుడు బద్దలవుతుందో తెలియకుండా డ్యూటీ చెయ్యాలి. రేవు చేరాక సరుకు దించి, కొన్నాళ్లకే మళ్లీ అదే దారిన బయల్దేరాలి.

మోస్‌డేల్ అనే చిన్న ఓడ ఆ దారిలో 98 సార్లు అట్లాంటిక్ దాటింది. అరటిపళ్లు తేవడానికి కట్టిన వేగమైన ఓడ కావడంతో చాలాసార్లు కాన్వాయ్ తోడు లేకుండా ఒంటరిగానే వెళ్లేది. 1941లో దానికి వైర్‌లెస్ ఆపరేటర్ కావాల్సి వస్తే కెనడా అమ్మాయి ఫెర్న్ బ్లాడ్జెట్ చేరింది. పగలు స్టెనోగ్రాఫర్ ఉద్యోగం చేసుకుంటూ రాత్రి బడిలో వైర్‌లెస్ నేర్చుకున్న మనిషి. సముద్రం ఆమె ఒంటికి పడేది కాదు. పక్కన బకెట్ పెట్టుకుని వాంతులు చేసుకుంటూనే హెడ్‌ఫోన్స్ తీయకుండా సంకేతాలు వినేది. అలా 78 సార్లు అట్లాంటిక్ దాటింది. తర్వాత ఆ ఓడ కెప్టెన్ గెర్నెర్ సుందేనే పెళ్లి చేసుకుంది. నార్వే యుద్ధ పతకం అందుకున్న తొలి మహిళ ఆమే.

స్వీడన్ రేవుల్లో చిక్కుకున్న నార్వే ఓడల కథ మరొకటి. 1941 జనవరిలో ఐదు ఓడలు బాల్ బేరింగులు, మేలురకం ఉక్కు నింపుకుని జర్మన్ కాపలా తప్పించుకుని బ్రిటన్ చేరాయి. మరుసటి ఏడాది మార్చి చివర పది ఓడలు అదే ప్రయత్నం చేస్తే గమ్యం చేరినవి రెండే.

గెలిచాక మరిచారు

యుద్ధం ముగిసేసరికి నోర్ట్రాషిప్ ఓడల్లో దాదాపు సగం సముద్రం పాలయ్యాయి. మూడు వేలమందికి పైగా నావికులు తిరిగిరాలేదు. తిరిగొచ్చినవాళ్లకు ఇంటి దగ్గర మరో పోరాటం ఎదురైంది.

యుద్ధం మొదట్లో నార్వే నావికులకు ముట్టే యుద్ధభత్యం బ్రిటిష్ నావికుల కన్నా ఎక్కువ. తమవాళ్లూ అంతే అడుగుతారని బ్రిటన్ అభ్యంతరం చెప్పడంతో భత్యం తగ్గించి, ఆ తేడా సొమ్మును రహస్య నిధిలో జమ చేశారు. యుద్ధం తర్వాత ఆ డబ్బు తమకు దక్కుతుందని నావికులు ఎదురుచూశారు. ప్రభుత్వం ఎవరి వాటా వారికి ఇవ్వకుండా, అవసరంలో ఉన్నవారికి, వితంతువులకు సాయంగా వాడాలని నిర్ణయించింది. నావికులు కోర్టుకెక్కితే 1954లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. చివరికి 1972లో పార్లమెంటు, ఓడ మీద గడిపిన నెలకు 180 క్రోనర్ల చొప్పున ఇచ్చింది. అప్పటికి ఎంతోమంది కన్నుమూశారు.

డబ్బు కన్నా పెద్ద గాయం మనసుది. నిద్ర పట్టకపోవడం, పీడకలలు, తాగుడు, ఏ పనిలోనూ కుదురుకోలేకపోవడం. లోకం దాన్ని వాళ్ల బలహీనత కింద జమకట్టింది. బెర్గెన్ వైద్యుడు ఫిన్ అస్కెవోల్డ్ 1970లలో ఈ నావికుల్ని పరిశీలించి, ఏళ్ల తరబడి చావుభయంలో బతికిన ఫలితమే ఇదని చెప్పాడు. అధికారికంగా ప్రభుత్వం క్షమాపణ కోరింది మాత్రం 2013లో. ఆ మాట చెవిన పడేందుకు మిగిలినవాళ్లంతా వయసు మళ్లినవాళ్లే.

తుపాకి పట్టినవాణ్ణి సైనికుడంటాం. ఆ తుపాకికి తూటా, వాడికి తిండి, వాడి విమానానికి పెట్రోలు మోసుకొచ్చినవాణ్ణి కూలికి పనిచేసినవాడిగా చూశాం. నార్వే చేసిన పొరపాటు ఇదే. ఈ పొరపాటు ఆ ఒక్క దేశంతో పోలేదు. 2024 జనవరిలో ఏడెన్ సింధుశాఖలో క్షిపణి తగిలి మండిన మార్లిన్ లువాండా ట్యాంకర్‌లో 22 మంది భారతీయులున్నారు. మన నౌకాదళం వెళ్లి మంటలార్పడానికి సాయపడింది. ఆ 22 మందిలో ఒక్కరి పేరైనా మనకు గుర్తుందా? ప్రపంచ సరుకు ఓడల మీద మనవాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. యుద్ధం ఎవరిదైనా ఆ దారిలో వెళ్లక తప్పనివాళ్లు వాళ్లు. వాళ్లకు దక్కాల్సిన జీతం, వైద్యం, గౌరవం వాళ్లు బతికుండగానే దక్కాలి. దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత చెప్పే క్షమాపణ ఎవరి కడుపూ నింపదు.