ప్రేక్షకుల చేతికి మైకు ఎలా వచ్చింది?

టీవీ చర్చ మధ్యలో యాంకర్ మైకు పట్టుకుని మెట్లెక్కి, వెనక వరసలో కూర్చున్న గృహిణి దగ్గరికి వెళ్లి "మీరేమంటారు?" అని అడగడం ఇవాళ ఎవరికీ వింతగా తోచదు. కానీ ఒకప్పుడు ప్రేక్షకుల పని నవ్వమన్నప్పుడు నవ్వడం, చప్పట్లు కొట్టమన్నప్పుడు కొట్టడం. ప్రశ్న అడిగే హక్కు వాళ్లకి దొరికింది 1967లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డేటన్ నగరంలో. దానికి కారకుడు ఫిల్ డోనహ్యూ. 2024 ఆగస్టు 18న 88 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఈయనని తలుచుకోవడమంటే టాక్ షో పుట్టుకని తలుచుకోవడమే.

అప్పట్లో అమెరికాలో పగటి టీవీ అంటే సీరియళ్లు, బహుమతుల ఆటలు. భర్త ఉద్యోగానికీ పిల్లలు బడికీ వెళ్లాక ఇంట్లో మిగిలే ఆడవాళ్లే ప్రేక్షకులు. వంటా, ఇల్లూ, ముస్తాబూ దాటి వాళ్లకి ఇంకేమీ పట్టవని టీవీ వాళ్ల నమ్మకం. డోనహ్యూ అంతకుముందు డేటన్‌లోనే రేడియోలో శ్రోతలతో ఫోన్‌లో మాట్లాడే కార్యక్రమం నడిపాడు. ఇంట్లో ఉండే ఆడవాళ్లు ఎంత సూటిగా, ఎంత తెలివిగా అడగగలరో అక్కడే విన్నాడు. ఆ ఉద్యోగం వదిలేసి కొన్నాళ్లు సేల్స్‌మన్‌గా పనిచేస్తుండగా స్థానిక చానల్ డబ్ల్యూఎల్‌డబ్ల్యూడీ నుంచి పిలుపు వచ్చింది.

ఆ చానల్‌లో జానీ గిల్బర్ట్ అనే ఆయన నడిపే వినోద కార్యక్రమం ఉండేది. ఆయన కాలిఫోర్నియా వెళ్లిపోవడంతో ఆ సమయం డోనహ్యూకి దక్కింది. కానీ గిల్బర్ట్ షో చూడటానికి టికెట్లు ముందే ఇచ్చేశారు. వచ్చేవాళ్లని వెనక్కి పంపలేక స్టూడియోలో కూర్చోబెట్టారు. సినిమా తారలు డేటన్ దాకా రారు. పాటలు లేవు, బ్యాండ్ లేదు, ఖర్చుపెట్టడానికి డబ్బూ లేదు. ఉన్నదల్లా ఒక అతిథి, ఒక విషయం, ఒక గంట.

1967 నవంబర్ 6న మొదటి అతిథి మ్యాడలిన్ మరే ఓహేర్. ప్రభుత్వ బడుల్లో బైబిల్ పఠనం కుదరదని 1963లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వెనక ఉన్న నాస్తికురాలు. అమెరికాలో అందరికన్నా ఎక్కువ ద్వేషానికి గురైన మహిళ అని లైఫ్ పత్రిక ఆమె గురించి రాసింది. క్యాథలిక్ కుటుంబంలో పుట్టి, క్యాథలిక్ విశ్వవిద్యాలయంలో చదివిన డోనహ్యూ తన తొలి రోజున ఆమెనే పిలిచాడు. ఆ వారంలోనే పెళ్లికాని మగవాళ్లు వచ్చి తమకి ఎలాంటి ఆడవాళ్లు నచ్చుతారో చెప్పారు. ఒక రోజు డాక్టరుగారిని కూర్చోబెట్టి కాన్పు సినిమా చూపించారు. మరో రోజు అంత్యక్రియలు జరిపించే వ్యాపారి వచ్చాడు. ఇంకో రోజు మగ అవయవాలతో తయారైన పిల్లల బొమ్మని చూపించి, ఇలాంటిది అమ్మొచ్చా అని అడిగితే ఫోన్ల తాకిడికి లైన్లు స్తంభించిపోయాయి. చావూ, పుట్టుకా, దేవుడూ, దాంపత్యం అన్నీ ఒక్క వారంలో నట్టింట్లోకి వచ్చేశాయి.

అసలు మలుపు ప్రకటనల విరామంలో వచ్చింది. కెమెరాలు ఆగగానే ప్రేక్షకుల్లోని ఆడవాళ్లు అతిథిని ప్రశ్నలు అడిగేవారు. తాను అడిగినవాటికంటే అవే బాగున్నాయని డోనహ్యూ గమనించాడు. ఆ ప్రశ్నలు విరామంలోనే ఎందుకు ఆగిపోవాలి? మైకు తీసుకుని వాళ్లలోకి నడిచాడు. స్టూడియోలో ఉన్నవాళ్లతో పాటు ఇంట్లో చూస్తున్నవాళ్లూ ఫోన్ చేసి మాట్లాడేవారు. టాక్ షో అన్న మాటకి ఇవాళ మనం చెప్పుకునే రూపం అలా కుదిరింది. లేమిలోంచి పుట్టిన ఉపాయమే అయినా, దాన్ని నిలబెట్టింది ఎదుటి మనిషి తెలివి మీద ఆయనకున్న గౌరవం.

1970 నుంచి షో ఇతర నగరాలకి పాకింది. 1974లో షికాగోకి, 1985లో న్యూయార్క్‌కి మారింది. అతిథుల జాబితా చూస్తే ఆ దేశపు ముప్పై ఏళ్ల వాదోపవాదాలన్నీ కనిపిస్తాయి. వినియోగదారుల హక్కుల కోసం పోరాడిన రాల్ఫ్ నాడర్, స్త్రీవాది గ్లోరియా స్టైనెమ్, ముహమ్మద్ అలీ ఆ కుర్చీలో కూర్చున్నారు. 1979లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ని పెట్టుబడిదారీ వ్యవస్థలోని దురాశ గురించి నిలదీస్తే, దురాశ లేని సమాజం ఒక్కటి చూపించమని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. అదే ఏడాది రచయిత్రి అయాన్ రాండ్, తనని అడిగిన తీరు మర్యాదగా లేదంటూ ఒక ప్రేక్షకురాలికి జవాబు చెప్పడానికి నిరాకరించింది. డోనహ్యూ తన అతిథితోనే వాదనకి దిగాడు. పేరున్న మనిషి అయినంత మాత్రాన, ప్రశ్న అడిగిన మామూలు మనిషి తక్కువైపోకూడదన్నది ఆయన పట్టుదల.

1982 నవంబర్‌లో, ఎయిడ్స్ అన్న పేరే చాలామందికి తెలియని రోజుల్లో, రోగినీ వైద్యుణ్ణీ రచయిత లారీ క్రేమర్‌నీ కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడించాడు. 1985 చివర్లో సియాటిల్ ప్రజలనీ, సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్ ప్రజలనీ ఉపగ్రహం ద్వారా ముఖాముఖి కలిపాడు. అటువైపు వ్యాఖ్యాత వ్లదిమిర్ పోజ్నర్. అణ్వాయుధాలు గురిపెట్టుకున్న రెండు దేశాల మామూలు జనం ఒకరినొకరు నేరుగా ప్రశ్నించుకున్నారు. 1992 ఏప్రిల్‌లో, అధ్యక్ష ఎన్నికలకి పార్టీ టికెట్ కోసం పోటీపడుతున్న బిల్ క్లింటన్, జెర్రీ బ్రౌన్‌లని పరిచయం చేసి తాను తప్పుకుని, వాళ్లిద్దరినే మాట్లాడుకోనిచ్చాడు.

ఆయన వేసిన బాటలో ఓప్రా విన్‌ఫ్రీ వచ్చింది. షికాగోలో ఆయనకి పోటీగా మొదలై 1986లో దేశమంతటికీ చేరింది. ఫిల్ డోనహ్యూ లేకపోతే తన షోనే లేదని ఆమె స్వయంగా ఒప్పుకుంది. అదే బాటలో జెర్రీ స్ప్రింగర్ లాంటివాళ్లూ వచ్చారు. కుర్చీలు విసురుకోవడాలు, కుటుంబ రహస్యాలు బయటపెట్టి కొట్టించడాలు వ్యాపారమయ్యాయి. పోటీలో నిలబడటానికి డోనహ్యూ కూడా, స్ప్రింగర్ రాకముందే, 1988లో ఆడవాళ్ల బట్టలు వేసుకుని తెరమీదకి వచ్చాడు. అయినా రేటింగులు నిలవలేదు. దాదాపు 7,000 ఎపిసోడ్ల తరువాత 1996లో షో ముగిసింది. 2002లో ఎమ్మెస్‌ఎన్‌బీసీలో మళ్లీ మొదలుపెట్టి, ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించేవాళ్లని పిలిచాడు. 2003 ఫిబ్రవరిలో, యుద్ధం మొదలవడానికి కొద్ది వారాల ముందు, ఆ షోని ఆపేశారు. అప్పటికి ఆ చానల్‌లో ఎక్కువమంది చూస్తున్నది అదే. చివరి ఏడాది, 2024 మేలో, అమెరికా ప్రభుత్వం ఆయనకి ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చి గౌరవించింది.

మైకు జనంలోకి వెళ్లడం వల్ల తగవులాటలు పెరిగాయని ఆ కళనే తప్పుపట్టేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. స్ప్రింగర్ స్టూడియోలో జనం మళ్లీ ఈలలు వేసే పనికి పరిమితమయ్యారు. డోనహ్యూ స్టూడియోలో వాళ్లు అడిగేవాళ్లు, అవతలివాళ్లు జవాబు చెప్పాల్సినవాళ్లు. మన తెలుగు చానళ్ల సాయంత్రపు చర్చల్లో నాలుగు పార్టీల ప్రతినిధులు ఒకేసారి అరుస్తుంటే, చూసేవాళ్లకి మాట్లాడే చోటే ఉండదు. అతిథి ఎంత పెద్దవాడైనా ఇంట్లో ఉండే మామూలు మనిషికి జవాబు చెప్పి తీరాలి. డోనహ్యూ దగ్గర నేర్చుకోవాల్సింది ఈ ఒక్క పద్ధతే. దానికి పెద్ద సెట్లూ పెద్ద డబ్బూ అక్కర్లేదని డేటన్ ఎప్పుడో రుజువు చేసింది.