అండజమా, జరాయుజమా?

జీవకోటిని అండజాలనీ, జరాయుజాలనీ విభజించే అలవాటు మనకు ఉపనిషత్తుల నాటిది. కాని ఒక చిన్న గుహాజంతువు ఆ రెంటిలో దేనికి చెందుతుందో తేల్చడానికి యూరపు శాస్త్రజ్ఞులకు వందేళ్లకు పైగా పట్టింది. ఆ వివాదంలో అభ్యుదయవాదుల పాత్ర కూడా కొంత ఉంది. అందుకే దాన్ని ఇక్కడ ప్రస్తావించవలసి వస్తున్నది.

ఆ జంతువు ప్రోటియస్. స్లొవేనియా మొదలు బోస్నియా దాకా సున్నపురాతి గుహల్లోని చీకటి నీళ్లలో బతికే గుడ్డి సాలమాండర్. జానెడు పొడవు, పాలిపోయిన మేను. స్థానికులు దాన్ని 'మనిషి చేప' అంటారు. వరదకు బయటికి కొట్టుకొచ్చిన దాన్ని చూసి డ్రాగన్ పిల్ల అని జనం నమ్మేవారట. ఆ సంగతి 1689లో వాల్వజోర్ గ్రంథస్థం చేశాడు. 1768లో లౌరెంటి శాస్త్రీయ నామం పెట్టాడు. పేరు దొరికింది గాని పుట్టుక తెలియలేదు. గుహలోకి దిగి దాని కాన్పు చూసినవాడెవడు?

1880 దశకం ఆరంభంలో మారీ ఫాన్ షోవాన్ అనే మహిళ, తాను పెంచిన ప్రోటియస్‌లు పెట్టిన గుడ్లను వర్ణించింది. వివాదం అక్కడితో ముగియవలసింది. ముగియలేదు.

వియన్నా ప్రయోగశాలలో పనిచేసిన పాల్ కామరర్ వేరొక వాదం తెచ్చాడు. చల్లని నీటిలో ప్రోటియస్ పిల్లలు పెడుతుందనీ, నీరు వెచ్చబడితే గుడ్లు పెడుతుందనీ అన్నాడు. పరిసరాలు మారితే ప్రాణి మారుతుంది, ఆ మార్పు సంతతికి సంక్రమిస్తుంది - ఇదీ అతని సిద్ధాంతం. కామరర్ సోషలిస్టు. పుట్టుకే తలరాత కాదన్న మాట ఏ సోషలిస్టుకు చేదు? ఆల్ప్స్ పర్వతాల నల్ల సాలమాండర్ నిజంగానే పిల్లలు పెడుతుంది గనుక, వాదం నమ్మశక్యంగానూ కనిపించింది.

1926 ఆగస్టులో అతని ప్రసిద్ధ కప్ప నమూనాలో సిరా ఎక్కించి ఉందని నోబుల్ ప్రకటించాడు. సెప్టెంబరులో కామరర్ ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి మాస్కోలో అతనికి ఉద్యోగం సిద్ధంగా ఉంది. 1928లో లునచార్‌స్కీ రచనతో వచ్చిన 'సలమాండ్రా' చిత్రం అతన్ని పోలిన శాస్త్రజ్ఞుణ్ణి మతాధికారుల కుట్రకు బలైన వీరుడిగా చూపింది. సిరా ఎవరు ఎక్కించారో నేటికీ తేలలేదు. కామరర్‌ను దొంగ అనడానికి నేను సిద్ధంగా లేను. కాని మనకు నచ్చిన సిద్ధాంతం గనుక రుజువు అడగనక్కర లేదనుకున్న ధోరణి ఎంత దూరం పోయిందో చెప్పక తప్పదు. వవిలోవ్ 1943లో జైల్లో మరణించాడు. 1948లో లైసెంకో వర్గం జన్యుశాస్త్రాన్నే వెలివేయించింది.

ప్రోటియస్ సంగతి మాత్రం ఓర్పుతో తేలింది. ఫ్రాన్సులోని మూలీ గ్రామంలో గుహనే ప్రయోగశాల చేసుకుని వాండెల్, ఆయన సహచరులు దాన్ని ఏళ్ల తరబడి పెంచారు. చల్లని నీళ్లే, గుహ చీకటే. అయినా అది గుడ్లే పెట్టింది. కామరర్ చెప్పిన కాన్పు వారికి కనిపించలేదు. ఆడది ఒకసారి గుడ్లు పెడితే మళ్లీ పెట్టడానికి సగటున పన్నెండేళ్లకు పైగా పడుతుందని కూడా అక్కడే లెక్క తేలింది. ఒక మనిషి ఉద్యోగకాలంలో మూడు కాన్పులు చూస్తే గొప్ప!

2016 జనవరి 30న స్లొవేనియాలోని పొస్టోయ్నా గుహలో, సందర్శకుల కోసం ఉంచిన తొట్టెలోనే ఒక ప్రోటియస్ మొదటి గుడ్డు పెట్టింది. మొత్తం 64. వెలుతురు సోకకుండా తొట్టెను కప్పి, చీకట్లో చూడగల కెమెరా అమర్చారు. తల్లి గుడ్లను కాచుకుని ఉంది. మే నెలాఖరుకు మొదటి పిల్ల గుడ్డు చీల్చుకుని వచ్చింది.