సీసపు అక్షరం నుంచి ఈబుక్కు దాకా

సాహిత్య చరిత్ర రాసేటప్పుడు మనం కవుల్ని, ఉద్యమాల్ని లెక్కలోకి తీసుకుంటాం గాని, అక్షరం ఏ పనిముట్టు మీదుగా పాఠకుణ్ణి చేరిందో పట్టించుకోం. పుస్తకం కూడా ఒక ఉత్పత్తే. రచయితలు తమ పుస్తకాల్ని తామే ఈబుక్కులుగా తెస్తున్న యీ కాలంలో, ఆ ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో వున్నాయన్న ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది.

రచయితే ప్రచురణకర్త కావడం మనకు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' ప్రారంభించారు. తరవాత రాజమహేంద్రవరంలో సొంత ముద్రాలయం పెట్టుకున్నారు. 'రాజశేఖర చరిత్రము' ముందు ఆ పత్రికలో వచ్చి, 1880లో పుస్తకమైంది. కొత్త భావాలకు సొంత అచ్చు అవసరమని ఆయన గ్రహించారు.

సీసపు అక్షరాల కాలంలో కంపోజిటరు ఒత్తుల్ని, గుణింతాల్ని ఒక్కొక్కటిగా ఏరి పేర్చేవాడు. 1985లో పేజ్‌మేకర్ వచ్చింది. క్రమంగా మన ప్రెస్సులూ కంప్యూటరు దారి పట్టాయి. ఐతే అప్పటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చాయి. తెరమీద 'అమ్మ' అని కనిపించినా, యంత్రం లెక్కలో అది రోమన్ గుర్తుల వరుస. ఒక్కో సంస్థది ఒక్కో అమరిక. ఆ ఫాంటు లేనిచోట ఆ రచన అర్థంలేని గుర్తుల కుప్ప. ఈ విధంగా రచయిత మాట ఒక సరుకుకు తాకట్టు పడింది.

1991లో వెలువడిన యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అందులో 'క్ష' అంటే క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు. ఫాంటు మారినా అక్షరం మారదు. 2007లో వచ్చిన ఈపబ్ పద్ధతి ఆ పాఠాన్ని ఏ తెరకైనా సర్దుకునేట్టు చేసింది.

ఇక్కడే రచయిత శ్రమ మొదలవుతుంది. పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి గాని, వాటి ఫలితాన్ని అచ్చుప్రతితో పోల్చి వాక్యం వాక్యం చదవక తప్పదు. నా వ్యాస సంపుటిని మార్చినప్పుడు కొన్ని ఒత్తులు పక్క అక్షరానికి చేరాయి. కొన్ని దీర్ఘాలు హ్రస్వాలయ్యాయి. శీర్షికను లావుపాటి అక్షరాలతో సరిపెట్టకుండా శీర్షికగానే గుర్తించాలి. అప్పుడే విషయసూచిక పనిచేస్తుంది. పద్యపాదాల్ని ఖాళీలు నొక్కి జరిపితే చిన్న తెరమీద పాదం విరుగుతుంది. పొల్లు నిలవవలసిన చోట, 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో, కంటికి కనపడని విడదీత గుర్తు వేయాలి. లేకపోతే 'వ' ఒత్తుగా మారి కిందికి దిగుతుంది. వాడే ఫాంటును పుస్తకంలో పొదగడానికి అనుమతి వుందో లేదో చూసుకోవాలి. చివరికి చవక ఫోనులో ఒకసారి, పెద్ద తెరమీద ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదవాలి.

ఇది గుమాస్తా పని అని తోసివేసే రచయితలున్నారు. వారితో నేను ఏకీభవించను. పుటల బొమ్మలు పేర్చిన పుస్తకంలో విద్యార్థి ఒక మాట వెతకలేడు. చూపులేని పాఠకుడికి చదివి వినిపించే యంత్రం ఆ బొమ్మముందు, పాత ఫాంటు ముందు కూడా మూగబోతుంది. ప్రజలకోసం రాస్తున్నామని చెప్పేవాళ్ళం ఏ పాఠకుల్ని గుమ్మం బయట నిలబెడుతున్నామో ఆలోచించాలి.

వీరేశలింగానికి ముద్రాలయం సొంతం. మనకు అమ్మకపు అంగడి సొంతం కాదు. దాని షరతులు ఎప్పుడైనా మారవచ్చు. శుద్ధమైన యూనికోడ్ మూలప్రతి మాత్రం మన చేతిలో వుంటుంది. విడుదలకు ముందు దాన్ని సరిచేసి భద్రపరచడం సంపాదకత్వంలో చివరి ఘట్టం. దాన్ని రచయిత ఇతరులకు వదలకూడదు.